పక్కన ఇంకో చెయ్యి

కెమిస్ట్రీ మేడం గారు పోయారన్న సంగతి నాకు కాలేజీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ ముందు రోజే హైదరాబాదు నుంచి డాక్టరు గారు ఫోన్ చేసి, "పాతచోటే మళ్ళీ చిన్నగా కనిపిస్తోందమ్మా, ఇంకోసారి ఆ ఇంజెక్షన్ చేద్దాం" అన్నారు. నేను చచ్చినా రానని మా ఆయనకి చెప్పేసి, ముసుగుతన్ని పడుకున్నాను. తెల్లారి ఫోన్ చూసుకుంటే మేడం గారి ఫోటో, దాని కింద వరసగా దండాలు పెడుతున్న చేతులు. అబద్ధమెందుకు, నేను ఏడవలేదు. ఈసారి నాకు కిటికీ ఎవరు తెరుస్తారు? అదీ నాకు వచ్చిన మొదటి ఆలోచన. పోయినావిడ కోసం ఏడవాల్సింది పోయి నా ఒంటి తోలు గురించి భయపడ్డాను. ఏం చెయ్యను, భయం మర్యాద చూసుకుని రాదు.

మా అమలాపురం కాలేజీలో ఎవరికీ పేర్లుండవు. నేను తెలుగు మేడం గారిని. ఆవిడ కెమిస్ట్రీ మేడం గారు. ఏళ్ళ తరబడి పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పుకున్నాం, ఒకరి టిఫిన్ బాక్సులో ఒకరు చెయ్యి పెట్టుకున్నాం, పేరు పెట్టి పిలుచుకున్న గుర్తు మాత్రం లేదు. ఇప్పుడు ఇక్కడ ఆ పేరు రాద్దామన్నా చెయ్యి రావడం లేదు. అలాగే ఉండనిస్తాను.

ఆవిడంత పిరికి మనిషిని నేను ఎక్కడా చూడలేదు. కుక్కంటే భయం. ఉరుమంటే భయం. తుఫాను హెచ్చరిక వస్తే అందరికన్నా ముందు సెలవు చీటీ ఆవిడదే. నరసాపురంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాలంటే మేమంతా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, కబుర్లు పూర్తవకుండానే గోదావరి దాటేసేవాళ్ళం. ఆవిడ మాత్రం చించినాడ వంతెన మీదుగా బస్సులు మారి, చుట్టూ తిరిగి, భోజనాలు అయిపోయే వేళకి చెమటలు కక్కుతూ దిగేవారు. "నీళ్ళ మీద నించునుంటే కింద ఏముందో తెలీదు కదండీ" అనేవారు. కింద ఉన్నది గోదావరేనండీ అని చెప్తే, "అదేనండి నా భయం" అనేవారు.

అన్నిటినీ మించింది ఎండ భయం. రోహిణి కార్తెలో కూడా మణికట్టు దాకా చేతుల జాకెట్టు, చేతులకి తొడుగులు, నల్ల గొడుగు. స్టాఫ్ రూము నుంచి లాబ్‌కి మధ్యలో ఉన్నది చిన్న పెరడు. ఆ కాస్త దూరానికీ గొడుగు విప్పేవారు. కామర్స్ మాస్టారు ఊరుకునేవారు కాదు.

"రంగు తగ్గిపోద్దనాండీ మేడం గారూ?"

"ఆయ్, తగ్గిపోద్దండి" అని నవ్వేసి, గొడుగు కింద తలదాచుకుని వెళ్ళిపోయేవారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? "పెళ్ళికూతురు వస్తోంది, తప్పుకోండమ్మా" అని పిల్లల్ని అదిలించేదాన్ని. ఆవిడ దానికీ నవ్వేవారు. ఎంత ఆటపట్టించినా ఆ గొడుగు మాత్రం ఒక్కరోజు మానలేదు.

లాబ్ సంగతి చెప్పక్కర్లేదు. సీసాలన్నీ సిల్వర్ ఫాయిల్ చుట్టుకుని, చలి పెట్టిన పిల్లల్లా అరల్లో వరసగా కూర్చుని ఉండేవి. కిటికీలకి నల్లగుడ్డలు. మొదటిసారి లోపలికి వెళ్ళినప్పుడు, "ఏంటండీ ఈ చీకటి కొట్టు, ఇక్కడేమైనా దెయ్యాల్ని పెంచుతున్నారా?" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి తలుపేశారు. ఒక గాజు గొట్టంలో నారింజ రంగు నీళ్ళున్నాయి. దాని మీద సన్నటి నీలం దీపం వేశారు. ఆ నీళ్ళు నిప్పుకణికలా ఎర్రగా వెలిగాయి. అమ్మయ్యో అని నేను వెనక్కి గెంతాను.

"చూసేరాండీ? ఇందులో రుథీనియమని ఒక లోహం ఉందండి. దాని చుట్టూ ఇంకొన్ని అణువులు చేతులు పట్టుకుని కూచుంటాయి. ఇప్పుడది వెలుతురు మింగిందండి. మింగినాక ఊరికే కూచోలేదు. మళ్ళీ వెలుతురుగా ఇచ్చెయ్యాలి, లేపోతే వేడిగా వదిలెయ్యాలి, లేపోతే పక్కవాడికి అంటించెయ్యాలి."

"పక్కవాడంటే ఎవడండీ?"

"ఎవడుంటే వాడేనండి. గాలుంటే గాలికే అంటిస్తది. అక్కడే ఉంది ప్రమాదం" అన్నారు. ఆ చివరి మాట గొంతు తగ్గించి అన్నారు, ఆ సీసాలు వింటాయేమో అన్నట్టు.

ఆవిడ డాక్టరేట్ చేసింది ఆ లోహాల మీదే. వెలుతురుతో కదిలే అణువుల యంత్రాలు తయారు చెయ్యడం ఆవిడ చదువుకున్న విద్య. అదేమిటో నాలాంటి దానికి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ఆవిడ దగ్గర ఒక ఉంగరం ఉండేది. వాళ్ళమ్మగారిది, వేలికి వదులు. దాన్ని తీసి పెన్సిలుకి తొడిగి అటూ ఇటూ జరిపేవారు. "పెన్సిలు ఒక అణువండి. ఉంగరం ఇంకోటి. రెండు చివర్లా బిరడాలుంటాయి గాబట్టి ఊడిపోదు. వెలుతురు పడిందనుకోండి, ఇటొస్తది. తీసేస్తే మళ్ళీ అటెళ్తది. మోటారు లేదు, కరెంటు లేదు."

"దీనివల్ల ఉపయోగమేంటండీ?" అన్నాను.

"ఇప్పటికైతే ఏం లేదండి" అన్నారు హాయిగా.

తర్వాత తర్వాత ఆ పెన్సిలూ ఉంగరమూ ఆవిడ చేతిలోంచి కదిలేవి కావు. స్టాఫ్ మీటింగుల్లో, పరీక్ష హాల్లో, ఎక్కడ కూర్చున్నా ఉంగరం పెన్సిలు మీద అటూ ఇటూ జరుగుతూ ఉండేది. ప్రిన్సిపాల్ గారు గొంతు పెంచితే వేగం పెరిగేది. మబ్బు పడితే ఇంకా పెరిగేది. ఉంగరం నడక చూసి ఆవిడ భయమెంతో మేం చెప్పేసేవాళ్ళం.

అంత మెత్తటి మనిషీ ఒక్క విషయంలో మాత్రం రాయి. పిల్లలు ఏ ప్రయోగం చేసినా పక్కన ఇంకోటి ఉండాలి. ఒక గొట్టం వెలుతురులో పెడితే, అదే మందు పోసి ఫాయిల్ చుట్టిన గొట్టం పక్కనుండాలి. "ఒక్కదాన్నే పెట్టి చూస్తే ఏం తెలుస్తదండీ? రంగు మారింది వెలుతురు వల్లో దాని ఖర్మ వల్లో ఎలా చెప్తాం? పక్కన ఇంకోటి ఉండాలి. అదీ మామూలుదై ఉండాలి, నమ్మదగ్గదై ఉండాలి." పక్కనది లేకుండా ఎవరైనా రికార్డు తెస్తే కాళ్ళావేళ్ళా పడినా సంతకం పెట్టేవారు కాదు. పక్కన ఏదో ఒక గొట్టం పెట్టేసి ఇదే అదని బుకాయించిన పిల్లాణ్ణి మళ్ళీ మొదటి నుంచీ చేయించారు. వాడు ఏడ్చాడు. వాడితోపాటు ఆవిడా కళ్ళు తుడుచుకున్నారు గానీ సంతకం మాత్రం పెట్టలేదు.

ఇక నా సంగతి. కొన్నేళ్ళ కిందట నాకు అన్నవాహికలో క్యాన్సరు తేలింది. మొదట్లోనే దొరికిందన్నారు. కోత లేకుండా వెలుతురుతో కాల్చేయొచ్చన్నారు. ఒక మందు నరంలోకి ఎక్కిస్తారు. రెండ్రోజులాగి గొంతులోంచి సన్నటి గొట్టం దింపి, చెడ్డచోట ఎర్ర వెలుతురు పెడతారు. మందు ఆ వెలుతురు మింగి అక్కడి కణాల్ని మాడ్చేస్తుంది. వినడానికి బాగానే ఉంది. కాకపోతే మందు ఆ ఒక్కచోటే ఉండదు, ఒళ్ళంతా ఉంటుంది, వారాల తరబడి ఉంటుంది. అన్నాళ్ళూ ఎండ తగిలిందంటే చర్మం కాలి బొబ్బలెక్కిపోతుంది.

ఇదంతా డాక్టరు గారు నిదానంగానే చెప్పారు. మా ఆయనకి ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. చెరువులో ఆక్సిజన్ పడిపోయినా చలించని మనిషి, అక్కడ మాత్రం "వెలుతురు తగలకూడదు" అన్న మాట విని, ఆ తర్వాత చెప్పింది ఒక్క ముక్క కూడా వినలేదు. భయంతో ఆయన చెవులు మూసుకుపోయాయి. నేను మంచం మీద మత్తులో ఉన్నాను.

పొద్దుగూకాక కారెక్కించి నన్ను ఇంటికి తెచ్చేసరికి మా పడగ్గది తయారుగా ఉంది. చెరువు అడుగున పరిచే నల్ల ప్లాస్టిక్ పట్టా తెప్పించి కిటికీలకీ, వెంటిలేటరుకీ, తలుపు సందులకీ మేకులు కొట్టించేశారు. మా కోనసీమ వాళ్ళ మర్యాద తెలిసిందే కదా, వడ్డించడం మొదలుపెడితే విస్తరి కనపడకూడదు. నాకు చీకటి కూడా అలాగే వడ్డించారు.

ఆ గదిలో నా చెయ్యి నాకు కనపడేది కాదు. పట్టాకి చెరువు వాసన. అన్నం పళ్ళెం తెచ్చినవాళ్ళు తడుముకుంటూ వచ్చి తడుముకుంటూ పోయేవారు. మొదట్లో పలకరింపులకి జనం కొబ్బరి బోండాలూ బిస్కెట్ పాకెట్లూ పట్టుకుని వచ్చారు. మనిషిని చూడకుండా పలకరించడం మనవాళ్ళకి చేతకాదు. "ఎలా ఉన్నారండీ?" అంటూ ఒకావిడ నా మొహం మీదే ఫోన్ లైటు వేసింది. నేను పెట్టిన కేకకి ఆవిడ చేతిలోని బోండాం నేల మీద పడి దొర్లింది. ఆ రోజు నుంచీ పలకరింపులు కూడా బందు చేశారు.

భయం అంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది. క్యాన్సరుకి కూడా నేను అంత భయపడలేదు. తలుపు తీసినప్పుడు కింద నుంచి ఒక గీత వెలుతురు నేల మీద పడితే, పాము వచ్చినట్టు కాళ్ళు పైకి లాక్కునేదాన్ని. ఒళ్ళు దురదపెడితే కాలిపోతున్నానేమో అని తడుముకునేదాన్ని. పగలేదో రాత్రేదో పోయింది. జీవితమంతా పిల్లల మీద గయ్యిమని అరిచిన నా గొంతు, మంచినీళ్ళు అడగడానికి కూడా లేచేది కాదు.

మా ఆయన అప్పనపల్లి బాలబాలాజీకి మొక్కుకున్నారు. డాక్టరు గారు చెప్పిన వారాలు పూర్తయిన శనివారం నాడే వెళ్ళిపోవాలి. వైనతేయ గోదావరిలో మునిగి, తడిబట్టలతో గుడి చుట్టూ ప్రదక్షిణలు చెయ్యాలి, అదీ మిట్టమధ్యాహ్నం ఆరుబయట. వ్యాను మాట్లాడేశారు. చుట్టాలకి చెప్పేశారు. నేను ఆ శనివారం కోసమే బతుకుతున్నాను.

పేపర్లు దిద్దడానికి కాకినాడ వెళ్ళిన కెమిస్ట్రీ మేడం గారు ఆ ముందు వారంలో తిరిగొచ్చారు. తలుపు తెరుచుకుని మూసుకుంది.

"తెలుగు మేడం గారూ, నేనండి."

"లైటు వెయ్యకండి" అన్నాను ముందుగా.

"వెయ్యనండి. మీరెక్కడున్నారో కనపడట్లేదండి."

"మంచం మీదే."

చీకట్లో ఒక చిన్న చప్పుడు మొదలైంది. చెక్క మీద ఉంగరం రాసుకుంటున్న చప్పుడు. ఆవిడ భయాన్ని నేను ఎన్నోసార్లు చూశాను గానీ వినడం అదే మొదటిసారి.

"వచ్చిన దగ్గర్నుంచీ ఇలాగేనాండీ? అస్సలు వెలుతురు లేకుండానా?"

"ఆవగింజంత కూడా లేదు. మా ఆయన అంత జాగ్రత్త" అన్నాను కాస్త గర్వంగానే.

"అయ్యో" అన్నారు ఆవిడ.

ఆవిడ బయటికి వెళ్ళి మా ఆయన్ని పిలిచారు. తలుపు దగ్గరికి వేసే ఉంది గానీ నాకు ప్రతి మాటా వినిపించింది.

"బాబుగారూ, ఆ పట్టాలు తీయించెయ్యాలండి."

"అదేంటండి బాబూ! వెలుతురు తగలకూడదని డాక్టరు గారు చెప్పేరండి."

"ఎండ తగలకూడదని చెప్పుంటారండి. గట్టి లైట్లు తగలకూడదు. ఇంట్లో ఉండే నీడ వెలుతురు మాత్రం తగలాలండి. ఆ నీడ వెలుతురుకే మందు మెల్లిగా విరిగిపోద్ది. చీకట్లో పెడితే అలాగే కూచునుంటది. ఇప్పుడు మీరావిడ్ని శనివారం ఎండలోకి తీసుకెళ్తే కాలిపోతారండి."

మా ఆయనకి కోపం వచ్చింది. ఆయన కోపమంతా భయమే. "మీరాండీ ఈ మాట చెప్పేది? లాబంతా నల్లగుడ్డలు కప్పేసేరని మా ఆవిడ రోజూ చెప్పి నవ్వేది. గొడుగు లేకుండా గుమ్మం దాటని మీరు, మా కిటికీ తెరవమంటారేంటండి? ఏదన్నా అయితే ఎవరిదండి పూచీ?"

"నాకూ భయమేనండి. మీకన్నా ఎక్కువ భయం" అన్నారు ఆవిడ. అయినా మాట వదల్లేదు. "ఒక్క మాట చెప్పండి. మీ చొక్కా మీద పులుసు ఒలికి పసుపు మరక పడిందనుకోండి. ఏం చేస్తారు?"

"ఉతికి ఎండలో ఆరేస్తారండి. పోద్ది."

"ఆరెయ్యకుండా బీరువాలో పెట్టేస్తేనో?"

"బీరువాలో ఎలా పోద్దండి?" అన్నారు మా ఆయన.

"అలాగే ఉండిపోద్ది కదండీ? ఆవిడ ఒంట్లో ఉన్నదీ మరకేనండి. కాకపోతే ఈ మరకని ఎండలో పెట్టలేం, ఒళ్ళు కాల్తది. నీడలోనే మెల్లిమెల్లిగా పోగొట్టుకోవాలి. నా మాట వద్దు. డాక్టరు గారికే ఫోన్ చేసి అడగండి."

చేశారు. అవతల డాక్టరు గారు పెట్టిన చివాట్లు నా మంచం దాకా వినిపించాయి. పూర్తి చీకటి వద్దని ఆ రోజే చెప్పాను కదండీ, ఇప్పుడు ఇంకొన్ని వారాలు ఆగాలి అన్నారు. శనివారం పోయింది. వ్యాను వద్దనుకున్నారు. దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తుంటే, ఆ శనివారం తడిబట్టలతో మిట్టమధ్యాహ్నం ఎండలో తిరుగుతున్న నన్ను నేనే చూసుకుని వణికిపోయాను.

కిటికీ తెరవడానికి మాత్రం మా ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు. మా ఆయన సుత్తి పట్టుకుని నిలబడిపోయారు. నేను దుప్పటి మీదకి లాక్కుని "వద్దు మేడం గారూ, మీకు దణ్ణం పెడతాను, వద్దు" అని గోలపెడుతున్నాను. ఆవిడే ఉత్తరం కిటికీ దగ్గరికి వెళ్ళి, దానికి ముందు ఒక తెల్ల పంచె అడ్డంగా కట్టించి, నాకూ కిటికీకీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చుని, పట్టా అంచుని వేలెడంత ఎత్తారు. గోడ మీద బూడిద రంగు వెలుతురు పడింది. దుప్పటి సందులోంచి నాకు మొదట కనపడింది ఆవిడ మొహం. పాలిపోయి, పెదాలు బిగించుకుని, నాకన్నా హడలిపోయి ఉంది. ఆ మొహం చూశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఎందుకో చెప్పలేను.

ఆ తర్వాత రోజూ కాలేజీ అయ్యాక వచ్చేవారు. రోజుకి కాస్త చొప్పున పట్టా పైకి లేచేది. నా మనసు మళ్ళించడానికి మందు గురించి చెప్పేవారు. "ఇదీ ఉంగరం లాంటి అణువేనండి. ఇలాంటి ఉంగరం మధ్యలో మెగ్నీషియం కూచుంటే ఆకు పచ్చదనం. ఇనుము కూచుంటే మన రక్తం. అన్నీ ఒక్క కుటుంబమేనండి, కొందరు మంచోళ్ళు, కొందరు కోపిష్టోళ్ళు." కోపిష్టోళ్ళు అన్నప్పుడు నా వైపు చూసి నవ్వేవారు.

చివరికి పరీక్ష రోజు వచ్చింది. దాని పద్ధతి డాక్టరు గారే చెప్పారు. ఒక బ్రౌన్ కాగితం కవరుకి నిమ్మకాయంత కన్నం చేసి, చెయ్యి అందులో దూర్చి, పది నిమిషాలు ఎండలో పెట్టాలి. కన్నంలోంచి ఎండ తగిలిన చోట మర్నాటికి ఎర్రబడకుండా, వాయకుండా, బొబ్బ రాకుండా ఉంటే మందు పోయినట్టు. వస్తే మళ్ళీ గదిలోకే.

మా వీధి అరుగు మీద కుర్చీ వేశారు. మెట్టు మీద తెల్లటి ఎండ. నేను నీడలో కూర్చుని, కవరులో చెయ్యి పెట్టుకుని, కదల్లేదు. మా ఆయన చూడలేక లోపలికి పోయి తలుపేసుకున్నారు.

"నేను పెట్టనండి" అన్నాను. "ఆ గదిలోనే ఉండిపోతాను. అలవాటైపోయింది. నా వల్ల కాదు. కాలితే ఏం చేస్తారండి మీరు? పసుపు మరక అంటారా?"

నా నోరు అంత మాట అనేసింది. ఆవిడ పెన్సిలూ ఉంగరమూ సంచిలో పెట్టేశారు. కుడిచేతి తొడుగు మెల్లిగా లాగేశారు. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి నేను ఆరుబయట చూడడం అదే మొదలు. తెల్లగా, పల్చగా, అక్కడక్కడా పాత మచ్చలతో ఉంది. ఇంకో కవరు తీసి, దానికీ కన్నం చేసి చెయ్యి దూర్చారు.

"మీకెందుకండీ?" అన్నాను.

"పక్కన ఇంకోటి ఉండాలి కదండీ. మీకు ఎర్రబడితే అది మందు వల్లో మామూలు ఎండ వల్లో ఎలా తెలుస్తది? నాది మామూలు చెయ్యి" అన్నారు. నాకన్నా ముందు ఎండలో పెట్టేశారు.

ఇక పెట్టకపోతే బాగుండదు. పెట్టాను. కన్నంలోంచి ఎండ నా చేతి మీద పడింది, వెచ్చగా. నా పళ్ళు టకటకమన్నాయి. ఇద్దరం పరీక్షలో కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లల్లా చేతులు చాపుకుని కూర్చున్నాం.

"మంటగా ఉందాండీ?" అని ఆవిడ అడిగారు.

"లేదండి. మీకో?"

"నాకేటవుద్దండి" అన్నారు. నుదుటి మీద చెమట చుక్కలు. ఆవిడ పిరికితనం నాకు తెలుసు కాబట్టి నేను పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చారు, రెండు చేతులకీ తొడుగులు వేసుకుని. నా చెయ్యి తిప్పి తిప్పి చూశారు. ఏమీ లేదు. మామూలు చర్మం. "బాగుందండి, పోయిందండి మరక" అని నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేశారు. మీదీ చూపించండీ అన్నాను. "నాది ఇంటి దగ్గరే చూసేసుకున్నానండి. బాగుంది" అన్నారు. ఆ ఆనందంలో నేను మళ్ళీ అడగలేదు. తర్వాత కొన్నాళ్ళు జ్వరమని కాలేజీకి రాలేదు. మేం అప్పనపల్లి వెళ్తూ ఫోన్ చేసి రమ్మంటే, "ఎండండి, నేను రాలేను" అన్నారు. వ్యానులో అందరం నవ్వుకున్నాం.

నిన్న రాజోలు వైపు వాళ్ళ ఊరు వెళ్ళాం. ఆవిడ తాతగారు పొలాల్లో కూలి పని చేసిన ఊరు, నాన్నగారు బళ్ళో పాఠాలు చెప్పిన ఊరు. ఆవిడ్ని ముందు గదిలో పెట్టెలో పడుకోబెట్టారు, తెల్ల చీర, మణికట్టు దాకా చేతుల జాకెట్టు. కర్టెన్లన్నీ దించేసి ఉన్నాయి. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక వాళ్ళ చెల్లెలు నా దగ్గరికి వచ్చింది.

"తెలుగు మేడం గారంటే మీరేనాండీ? అక్క ఎప్పుడూ మీ మాటే చెప్పేదండి. మీ చెయ్యి బాగానే ఉందాండీ?"

నాకు అర్థం కాలేదు. నా చెయ్యికేమైంది అన్నాను.

"అప్పుడు ఎండలో పెట్టేరంట కదండీ. ఆ రోజు మీ ఇంటి నుంచొచ్చినాక అక్క చెయ్యి ఎర్రగా పొంగిపోయిందండి. నెల్రోజులు జ్వరం. అక్కకి చిన్నప్పట్నుంచీ ఎండ పడదు కదండీ. లూపస్ అంటారు. ఎండ తగిలితే తన ఒళ్ళు తనమీదే తిరగబడద్ది. మీకు తెలీదాండీ? కాలేజీలో ఎవరికీ చెప్పొద్దనేది. జాలి చూపులు నాకు పడవు, నవ్వనియ్యి అనేది." కళ్ళు తుడుచుకుంది. "అది అప్పుడే తగ్గిపోయిందిలెండి. ఇప్పుడు కిడ్నీలకొచ్చింది. ఎందుకు పెట్టేవే నీకు బుద్ధుందా అని ఆ రోజు నేను తిడితే, ఆవిడ్ని ఒక్కదాన్నే ఎలా కూచోబెట్టనే అందండి."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఆ పెట్టె దగ్గరికి వెళ్ళి ఆవిడ్ని లేపి కడిగేద్దామన్నంత కోపం వచ్చింది. పక్కనది మామూలుదై ఉండాలి, నమ్మదగ్గదై ఉండాలి అని పిల్లల రికార్డులు మొహాన కొట్టిన మనిషి! ఆ రోజు నా పక్కన పెట్టిన చెయ్యి ఆ ప్రయోగానికి ఎందుకూ పనికిరాదు. నాకన్నా ముందు కాలే చెయ్యి అది. ఆవిడకి ఆ సంగతి తెలుసు. తెలిసే పెట్టింది, మామూలు చెయ్యండీ అని నా కళ్ళలోకి చూసి అబద్ధమాడింది. జన్మలో ఒక్కటంటే ఒక్కసారి దొంగ ప్రయోగం చేసింది, అదీ నా కోసం. అప్పుడు వచ్చింది ఏడుపు.

మధ్యాహ్నం పెట్టెని బండి దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు గుమ్మం బయట ఎండ మండిపోతోంది. చెల్లెలు ఆ నల్ల గొడుగు తెచ్చి పెట్టె మీద విప్పి పట్టుకుంది. అక్కడ మా స్టాఫంతా ఉన్నాం. కామర్స్ మాస్టారు తలదించుకున్నారు. సమాధుల తోట దాకా ఆ గొడుగు పట్టుకునే నడిచింది.

తిరిగొస్తుంటే, కారు తాటిపాక దాటాక మా ఆయన నా వైపు చూడకుండా అడిగారు.

"హైదరాబాదుకి వద్దనే చెప్పెయ్యమంటావా?"

మళ్ళీ ఆ మందు, మళ్ళీ ఆ వారాలు. నా భయం ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు రాస్తున్నా నా వేళ్ళు చల్లగానే ఉన్నాయి.

"వెళ్దాం" అన్నాను.

ఆయన కారు నెమ్మది చేశారు. "పట్టాలు..."

"వద్దు. ఉత్తరం కిటికీకి తెల్ల పంచె చాలు. ముందు అమలాపురంలో బేకరీ దగ్గర ఆపండి. బ్రౌన్ కవర్లు రెండు తీసుకుని దాచిపెట్టాలి."

"రెండెందుకు?"

"ఒకటి మీకు."

ఆయన స్టీరింగు మీదున్న తన చెయ్యి చూసుకున్నారు. ఆ రోజు లోపలికి పోయి తలుపేసుకున్న మనిషి.

"కన్నం నిమ్మకాయంతే కదా?" అన్నారు.